పైకప్పుకు కట్టిన మీటరు

మే 12, సోమవారం

ఉదయం ఆరూ నలభైకి కమాన్‌పూర్ రోడ్డులోని కాగితపు పల్ప్ యూనిట్‌లో, వాషింగ్ షెడ్డు గుంటలో మంట లేచింది. గుంటలో ఉన్న ముత్యం, ముప్పై నాలుగేళ్ళు, కరీంనగర్ తీసుకుపోతుంటే సుల్తానాబాద్ దాటాక చనిపోయాడు. పైన నిలబడి ఉన్న షిఫ్టు ఇన్‌చార్జి సదానందానికి ఏమీ కాలేదు.

సదానందం మా అన్న.

ఈ చివరి వాక్యం వార్తలో లేదు. మిగతాదంతా ఇచ్చాను. మా పేపరు డెస్క్ వాళ్ళు ‘ఘోర’ అని ఒక ముక్క చేర్చారు. ఫోన్ చేసి తీయించాను.

ఎనిమిదింటికల్లా అక్కడున్నాను. మా ఫోటోగ్రాఫర్ జుబేర్ అప్పటికే లోపలికి వెళ్ళి వచ్చాడు. మసి అంతా గుంట గోడలకు, నేలకు, కడిగే తొట్టి కాళ్ళకు పట్టింది. రేకుల పైకప్పు శుభ్రంగా ఉంది.

అన్న బయట కర్ర చెక్కల కుప్ప మీద కూర్చున్నాడు. చేతిలో హెల్మెట్.

“గ్యాస్ మీటర్ సున్నా ఉండె చెల్లె. సున్నా చూసినంకనే దిగు అన్న.”

నీళ్ళిచ్చాను. తాగలేదు.

“సున్నా ఉండె,” అన్నాడు మళ్ళీ.

మూడేళ్ళ కింద రిటైరయ్యేదాకా అన్న బొగ్గు బాయిలో సిర్దార్. షిఫ్టు మొదలయ్యే ముందు అందరికంటే ముందు లోపలికి పోయి గ్యాస్ చూసేది, కట్టెతో కొట్టి పైకప్పు చూసేది సిర్దారే. ఆయన సరే అంటేనే మిగతావాళ్ళు దిగుతారు. ముప్పై ఏళ్ళు ఆయన మాట మీద మనుషులు దిగారు, ఎక్కారు. ఒక్కడికీ గ్యాస్ వల్ల ఏమీ కాలేదు. ఆయన నా అన్న కాబట్టి ఈ మాట చెప్పడం లేదు.

బ్యూరోకు ఆయన నా అన్న అని చెప్పాలి. రేపు చెప్తాను.


మే 13, మంగళవారం

యాజమాన్యం ప్రకటన వచ్చింది. మృతుడి జేబులో బీడీ కట్ట దొరికిందని, గుంటలో బీడీ వెలిగించి ఉండవచ్చని అనుమానం.

యాజమాన్యం అన్నది. అన్నది అన్నట్టు రాశాను.


మే 14, బుధవారం

యూనిట్ నడిపే వీరేందర్‌తో గంటన్నర కూర్చున్నాను. మంచిర్యాల వాడు. కాగితం మిల్లులో పదేళ్ళు ఇంజనీరుగా చేసి, సొంతంగా ఇది పెట్టుకున్నాడు. ఓపెన్‌కాస్టు బొగ్గు గని మట్టిగుట్టల పక్క పొలాల్లో పెంచే జామాయిల్ కర్ర కొంటాడు. చిన్న యూనిట్. ప్రయోగం అంటాడు.

వార్తలా రాసుకుంటే తప్ప నాకు తలకెక్కదు కాబట్టి రాసుకుంటున్నాను.

కర్రలో నార ఉంటుంది. నారను పట్టి ఉంచే జిగురు ఉంటుంది, దాని పేరు లిగ్నిన్. జిగురు తీసేస్తే మిగిలేది పల్ప్. పెద్ద మిల్లులు కాస్టిక్ సోడాతో, గంధకం కలిసిన ఉప్పుతో ఉడికిస్తాయి. ఆ కంపు ఊరంతటికీ తెలుస్తుంది. ఇక్కడ అట్లా కాదు. జిగురును కరిగించే ద్రవంలో ఉడికిస్తారు. ఆ ద్రవాన్ని మరిగించి ఆవిరి పట్టుకుంటే మళ్ళీ వాడుకోవచ్చు, జిగురు విడిగా మిగులుతుంది. ఏ ద్రవం అన్నదాన్ని బట్టే మిగతా అన్నీ.

బల్ల మీద మూడు గుండ్రటి కాగితాలు పెట్టాడు. చపాతీ అంత ఉన్నాయి. పరీక్ష కోసం చేత్తో చేసినవి. చేసింది ముత్యం.

మొదటిది ఫార్మిక్ యాసిడ్‌తో వండిన పల్ప్. చీమ కుడితే మండించేది అదే. మూడింటిలో తెల్లగా ఉంది. నీళ్ళు మరిగేంత వేడి చాలు, ప్రెషర్ అక్కర్లేదు. వీరేందర్ దాన్ని మడిచి, తెరిచి, మళ్ళీ మడిచాడు. మడత వెంట విరిగింది. యాసిడ్ జిగురుతో ఆగదు, నారనూ తెంపుతుంది.

రెండోది అసిటిక్ యాసిడ్. వెనిగర్. ఆ యాసిడ్ కొంత నారకే అతుక్కుని ఉండిపోతుంది. అప్పుడు నార నీళ్ళు పీల్చదు. నీళ్ళు పీల్చని నార పక్క నారను పట్టుకోదు. అంచు రుద్దితే పొడి రాలింది.

మూడోది సారాయిలో ఉండే ఇథనాల్, నీళ్ళు, సగం సగం. నూట ఎనభై డిగ్రీలు, గట్టి ప్రెషర్. గోధుమ రంగు కాగితం. నా చేతికిచ్చి చింపమన్నాడు. చిరిగింది కానీ వేళ్ళకు ఎదురు తిరిగి, పీచు సాగుతూ చిరిగింది.

“అమ్ముకోగలిగింది ఇదొక్కటే మేడం.”

ఏడాది పాటు ఫార్మిక్ వాడారు. సంచులు చేసేవాళ్ళు మడతల దగ్గర పగులుతున్నాయని సరుకు తిప్పి పంపారు. పైపులు కూడా తినేసింది. జనవరిలో ఇథనాల్‌కు మారారు.

వంట మూసిన పాత్రలోనే అయినప్పుడు గుంటలోకి ఆవిరి ఎట్లా వచ్చిందని అడిగాను.

“కడగడం దగ్గర. ఉడికిన పల్ప్‌ను నేరుగా నీళ్ళతో కడిగితే కరిగిన జిగురు విరిగి మళ్ళీ నారకే పడుతది, నిమ్మకాయ పిండితే పాలు విరిగినట్టు. పల్ప్ నల్లబడుతది. అందుకే ముందు గోరువెచ్చని ఇథనాల్‌తో కడగాలి, తర్వాతే నీళ్ళు. కారింది గుంటలో పడుతది, పంపు లాగేస్తది.”

“తొట్టికి మూత లేదా?”

“ఆర్డర్ పెట్టినం.”

వచ్చేటప్పుడు మూడు కాగితాలూ ఇచ్చాడు. తీసుకున్నాను.

సాయంత్రం అన్న ఇంటికి వెళ్ళాను. కాగితాలు చూసి మూడో దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అంచు మీద బొటనవేలు నడిపాడు.

“ఫార్మిక్ ఉన్నప్పుడు అందరం ఏడ్సుకుంట పనిచేసినం. జర లీకైతె చాలు, కండ్లు మండుతుండె, బయటికి ఉరుకుడే. ఇథనాల్ అచ్చినంక నవ్వుకుంట పనిచేసినం. ముత్యం అంటుండె, సదన్నా, తాగకుండనే మా ఇంటామె సారవ్వతోని తిట్లు తింటున్న, ఇంట్లకు పోంగనే నోరు వాసన చూస్తాంది అని.”

నవ్వబోయి ఆపేశాడు.

నా అంచనా: ప్రధాన కారణం ద్రవం మార్పు. ఫార్మిక్ అయితే ఆవిరి కళ్ళకు తెలిసేది, ముత్యం దిగేవాడే కాదు. మంచి కాగితం కోసం నిప్పుకు దగ్గరైన ద్రవానికి వెళ్ళారు. ఇది వ్యవస్థకు సంబంధించిన విషయం, ఏ ఒక్కరిదీ కాదు.


మే 15, గురువారం

వదిన ఫోన్. అన్న తింటలేడట. బ్యూరోకు చెప్పలేదు.


మే 16, శుక్రవారం

ముత్యం ఇంటికి వెళ్ళాను. కమాన్‌పూర్ ఊళ్ళోనే, రెండు గదులు, ముందు రేకుల పంచ. భార్య సారవ్వ గడపలో కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

“నీ పేపర్ల పడ్డదట గదా అక్కా, బీడీ తాగి కాలవెట్టుకున్నడని. మా అత్తకు సదివి వినిపిచ్చిపోయిన్రు.”

“యాజమాన్యం అనుమానం అని రాశాం సారవ్వా. మేం అనలేదు.”

“ఎవలంటేంది? పడ్డది నీ పేపర్ల గదా.”

ఆమె లేచి పంచ చివరకు నడిచి, బయటి గోడ చూపించింది. నడుము ఎత్తున తంబాకు ఉమ్ము మరకలు, పాతవి, కొత్తవి, ఒకదాని మీద ఒకటి.

“ఆయన బీడీ తాగడు. తంబాకు నములుతడు. దీనికోసం ఎన్నిసార్లు తిట్టిన్నో. సున్నం వేసుడు నేను, ఉమ్ముడు ఆయన. బీడీ అన్నోళ్ళను పిలువు, ఈ గోడ చూడుమను.”

జుబేర్ గోడను ఫోటో తీశాడు.

“ఆయనతోని పని చేసినోళ్ళు ఇటు మొఖం చూస్తలేరు. మమ్ముల సుత కాలవెడుతుండె గదా అంటున్నరట. రేపు పిల్లలు పెద్దగైతరు. మీ నాయిన అందరి పానం మీదికి తెచ్చిండని ఊరోళ్ళు చెప్తరు. నేను గదొక్కటే అడుగుతున్న, ఆయన మీద ఆ మాట తీసెయ్యున్రి.”

పంచ లోపలి గోడకున్న అద్దం వెనక గుండ్రటి గోధుమ రంగు కాగితం ఒకటి దోపి ఉంది. చూస్తున్నానని గమనించింది.

“చింపు చూద్దాం, చిరగది అని పిల్లల ముంగట పెట్టెటోడు. దానికేమో పెద్ద గొప్ప.” నా వైపు తిరిగి అడిగింది, “నువ్వు సదన్న చెల్లెవు గదా?”

“అవును.”

“సదన్న రాలే.”


మే 17, శనివారం

లోపలి పేజీలో ఒక కాలమ్: మృతుడికి బీడీ అలవాటు లేదని కుటుంబం. గోడ ఫోటో వాడలేదు. స్థలం లేదన్నారు. నేను గట్టిగా అడగలేదు.

కొత్త సంగతి తెలిసింది. గుంటలో పంపు స్టార్టరు మామూలుది, వ్యవసాయ బావుల దగ్గర వాడేది. స్విచ్ వేస్తే లోపల మెరుపు వస్తుంది. అట్లాంటి చోట మెరుపు బయటికి రానివ్వని, బొగ్గు బాయిల్లో వాడే రకం స్టార్టరు ఉండాలి. పాతది చెడిపోతే మార్చి నెలలో తాత్కాలికం అని ఇది పెట్టారు. సరైనది తెప్పించమని అన్న రెండు మూడు సార్లు అడిగాడు. వచ్చే వారం అన్నారు. ఆ రోజు పంపుకు పీచు అడ్డం పడింది. ముత్యం దిగి, పీచు తీసి, స్టార్టరు నొక్కాడు.

ప్రధాన కారణం పంపు. అన్న అడిగాడు, వాళ్ళు ఆలస్యం చేశారు. ఇది వాస్తవం.

బుధవారం ప్రధాన కారణం ద్రవం అని రాసుకున్నాను. రెండూ ఉండొచ్చు.


మే 18, ఆదివారం

జుబేర్ ఫోటోలు మళ్ళీ చూశాను. పైకప్పు శుభ్రంగా ఉంది.


మే 20, మంగళవారం

ఆఫీసులో జుబేర్ కంప్యూటర్‌లో షెడ్డు ఫోటో పెద్దది చేసి పిలిచాడు.

“అక్కా, దూలానికి ఈ డబ్బా ఏంది?”

“గ్యాస్ మీటర్.”

“కాలింది కింద. మీటర్ మీద ఎందుకున్నది? దానికి పైకప్పు కనబడాల్నా, గ్యాస్ కనబడాల్నా?”

“నీ పని చూస్కో జుబేర్.”

వాడు నావైపు చూసి, ఫోటో చిన్నది చేశాడు. కలిసి పనిచేసిన పదకొండేళ్ళలో వాడితో ఎప్పుడూ అట్లా మాట్లాడలేదు.

బయటికి వచ్చి వీరేందర్‌కు ఫోన్ చేశాను. ఇథనాల్ ఆవిరి పైకి పోతుందా, కిందికి పోతుందా అని అడిగాను.

“గాలికన్న బరువు మేడం. కిందికి దిగుతది. గుంటల నిండుతది.”

“మీటర్ ఎక్కడ ఉండాలి?”

“నేల నుంచి అడుగు ఎత్తు. మేం బిగించింది గక్కడనే, గుంట అంచుకు. ఫిబ్రవరిల సదానందం గారు తీసి దూలానికి కట్టిన్రు. మండే గ్యాస్ కప్పుకే ఉంటది, ఈ పొల్లగాండ్లకు ఎరుకలేక కింద పెట్టిన్రు అన్నరు.”

“మీరు చూశారా?”

“చూసిన.”

“చెప్పలేదా?”

“ఆయన సిర్దార్ మేడం. నేను బడికి పోకముందు నుంచి గ్యాస్ చూసిన మనిషి. అందరి ముందు ఎట్ల చెప్తం? విడిగా చెబుదామనుకున్న.”

ఆయనే అన్నాడు:

“ఆయనకు ఇప్పటికీ ఎరుకలేదు. ఎరుక కాకుంటేనే మంచిది. విచారణల మీటర్ సున్నా ఉండె అంటడు, నిజంగనే నమ్మి అంటడు. బీడీ మీద ముగిసిపోతది. ఎవ్వలకేం కాదు.”

“ముత్యం?”

“ఆయన లేడు గద మేడం.”

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆఫీసు మెట్ల మీద ఉన్నాను. ఎదురుగా షిఫ్టు బస్సు ఆగింది, దిగేవాళ్ళు దిగారు, ఎక్కేవాళ్ళు ఎక్కారు.

అన్నకు చెప్పాలి. విడిగా.


మే 21, బుధవారం

విచారణ తేదీ వచ్చింది. 26, సోమవారం, పెద్దపల్లి.

అన్నకు రేపు చెప్తాను.


మే 22, గురువారం

ముత్యం పెద్దదినం, పదకొండో రోజు కర్మ. నేను వెళ్ళలేదు, అన్నా వెళ్ళలేదు. అన్న ఇంట్లో ఉన్నాం ఇద్దరమూ.

వదిన తిరుమల చాయ్ పెట్టింది. ఇల్లు మామూలుగా ఉంచాలని చూస్తోంది పాపం. కొత్త ఇంట్లోకి వచ్చిన రోజు సంగతి తీసింది.

“మీ అన్న కట్టె పట్టుకొని స్లాబు మొత్తం కొట్టుకుంట తిరిగిండు జమునా. టక టక టక. మేస్త్రీ పరేషాన్. ఏందయ్యా, నా స్లాబు మీద నమ్మకం లేదా అంటె, కప్పు సప్పుడు ఇంటెనే నాకు నిద్ర పడుతది అన్నడు. ఇప్పటికీ ఎవలింటికి పోయినా ముందు మీదికే చూస్తడు. పెండ్లి పిల్లను చూసేకాడ సుత కప్పు చూసిండు, మా నాయిన నవ్వీ నవ్వీ సచ్చిండు.”

అన్న కూడా కొద్దిగా నవ్వాడు. అది చూసి వదిన వంటింట్లోకి పోయింది, వస్తూ అన్నం పళ్ళెం తెచ్చింది. ఆయన నాలుగు ముద్దలు తిన్నాడు.

తర్వాత సోమవారం ఏం చెప్పాలో నా ముందు చెప్పుకున్నాడు, బడిపిల్లవాడు పద్యం అప్పజెప్పినట్టు.

“మీటర్ చూసిన. సున్నా ఉండె. దిగు అన్న. ముత్యం బీడీ తాగంగ నేను చూడలే. కని గాలి సాఫ్ ఉన్నప్పుడు ఉత్త స్టార్టరుకు మంట లేవది. వాడు ఏదో చేసిండు చెల్లె. ఏం చేసిండో నాకెరుకలేదు. కని ఏదో చేసిండు.”

చెప్పడానికి నోరు తెరిచాను. వదిన పళ్ళెం తీసుకుపోతూ, అందులో మెతుకు మిగల్లేదని నాకు చూపించింది.

ఈ రోజు తిన్నాడు. తిన్నరోజు చెప్పడం సరికాదు.

ఇది కారణం కాదని నాకు తెలుసు.


మే 23, శుక్రవారం

పొద్దున్నే వెళ్ళాను. అన్న వరండాలో కుర్చీలో ఉన్నాడు. నిలబడే అడిగాను.

“అన్నా, మీటర్ దూలానికి ఎందుకు కట్టావు?”

“మండే గాలి కప్పుకే ఉంటది గదా.”

“ఇది బాయిలో పైకి లేచే మీథేన్ కాదన్నా. సారాయి ఆవిరి. బరువు. కిందికి దిగి గుంటలో నిండుతుంది.”

ఆయన మొహంలో వెంటనే ఏమీ మారలేదు. చెవిలో పడ్డది, ఇంకా లోపలికి పోలేదు.

“కిందనా?”

“కింద.”

“కింద ఉండే గాలి బాయిల సుత ఉంటది,” అన్నాడు, నాకు పాఠం చెప్తున్నట్టు. “బొగ్గు తీసి ఇడిసిన పాత గల్లీలల్ల. దాని కోసం దీపం నేలకు దించి చూస్తం. దీపం ఆరిపోతది. అది ఊపిరి తీసే గాలి. మండేది మీద, ఊపిరి తీసేది కింద. మండేది కింద ఉంటదని...”

అక్కడ ఆగాడు.

“నాకు ఎవ్వలు చెప్పలే,” అన్నాడు. వెంటనే తల ఊపాడు, కాదన్నట్టు. “నేను అడగలే. కొత్త సామాను కొత్త మందుకు పెట్టిన్రు, ఎందుకు కింద పెట్టిన్రని అడగాలె గదా? నేనే చెప్పిన వాళ్ళకు. నేనే నిచ్చెన ఎక్కిన.”

చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని వాటినే చూస్తున్నాడు.

“నిచ్చెన పట్టుకున్నది ముత్యం.”

వదిన తలుపు దగ్గరికి వచ్చింది. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు.

“కింద ఉంటె మీటర్ ఏం సూపెట్టు?” అన్నాడు అన్న.

“నాకు తెలియదన్నా.”

“నాకు ఎరుకే. కూత పెడుతుండె. నేను దిగకు అంటుంటి.”

ఆ తర్వాత అడిగాడు, “నీకు ఎప్పుడెరుకైంది?”

“మంగళవారం.”

“ఇయ్యాల శుక్రవారం.”

అంతే అన్నాడు. లేచి లోపలికి పోయాడు.

వదిన నా దగ్గరికి వచ్చింది. గొంతు పెంచలేదు.

“నిన్న నాలుగు ముద్దలు తిన్నడు. గది ఓర్వలేకపోయినవా? ఏ పేపర్ల రాస్తవు ఇది? రాయి. సొంత అన్నను జైల్ల వేయిచ్చిన్నని పెద్దగ రాయి.”

“ఆయన సోమవారం తెలియక ముత్యం మీద చెప్పేవాడు వదినా.”

“తెల్వక చెప్పినోనికి పాపం లేదు.”

“తెలిసిన నేను ఎదురుగా కూర్చుని వినాలి.”

“ఇనకు. ఇంట్ల ఉండు. ఎవరు రమ్మన్నరు?”

ఆమె చెప్పినదాంట్లో తప్పు లేదు. ఇంట్లో ఉండొచ్చు. గత మూడు రోజులూ నేను చేసింది అదే.

ఇంటికొచ్చి మూడు గుండ్రటి కాగితాలు బల్ల మీద పరిచాను. తెల్లది విరిగి ఉంది. రెండోది పొడి రాల్చింది. మూడోది నేను చింపినంత మేర చిరిగి, అక్కడే ఆగి ఉంది.

ద్రవం, పంపు, మూత, మీటరు. అన్నీ వాస్తవాలే. వాటిని నేను ఏ వరుసలో రాస్తూ వచ్చానో చూసుకున్నాను. మీటరును ఒక్కరోజూ ముందు రాయలేదు. ‘పైకప్పు శుభ్రంగా ఉంది’ అని మొదటి రోజే రాసి, అక్కడ ఆపాను.

బ్యూరోకు ఫోన్ చేసి అన్న సంగతి చెప్పాను. ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదని అడిగారు. ఈ వార్త ఇక ఫోటోలతో పాటు జుబేరే రాస్తాడు. వాడి దగ్గరికి వెళ్ళి, డబ్బా గురించి నువ్వడిగింది సరైన ప్రశ్న అన్నాను.

“తెలుసక్కా,” అన్నాడు. “కుర్చీ జరుపుకో, కూర్చో.”


మే 24, శనివారం

మధ్యాహ్నం అన్న స్కూటర్ తీశాడు. ఎక్కడికని వదిన అడగలేదు. నేను నా బండి మీద వెనకే వెళ్ళాను. రమ్మనలేదు, వద్దనలేదు.

సారవ్వ పంచలో బియ్యం చాటతో ఉంది. అత్త లోపల మంచం మీద. అన్న చెప్పులు విడిచి గడప దగ్గర నిలబడ్డాడు. రేకుల పంచ, తల తగిలేంత కిందికి ఉంది. పైకి చూడలేదు. నేలనే చూశాడు.

“కూసో సదన్నా,” అంది సారవ్వ.

కూర్చోలేదు. చెప్పాడు. మీటరు ఎక్కడ పెట్టారో, ఎవరు తీశారో, ఎక్కడ కట్టారో, ఎందుకు కట్టారో. పంపు సంగతి చెప్పలేదు. మూత సంగతి చెప్పలేదు. అవి కూడా ఉన్నాయని నేను అనబోతే చెయ్యి ఎత్తి ఆపాడు.

సారవ్వ చాట కింద పెట్టింది.

“దిగేముందు ఆయన నిన్ను అడిగిండా?”

“అడిగిండు. గాలి ఎట్లున్నదే సదన్నా అన్నడు.”

“నువ్వేమన్నవు?”

“దిగు అన్న.”

లోపలి నుంచి అత్త ఎవరొచ్చిన్రే అని అడిగింది. సారవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. అన్నను తిట్టలేదు. తిడితే ఆయనకు తేలికయ్యేది.

“బీడీ కాదు గదా?”

“కాదు.”

“గదే మాట ఆడ చెప్పు. అందరి ముందు. నేను ఎదురుంగ కూసుంట. నువ్వు చెప్పేటప్పుడు నన్నే చూసుకుంట చెప్పాలె.”

“చెప్త.”

“ఇగ పో సదన్నా.”

తిరిగి వస్తుంటే మట్టిగుట్టల దగ్గర అన్న స్కూటర్ ఆపాడు. లారీలు పోయేదాకా ఆగాడనుకున్నాను. పోయాక కూడా కాసేపు అక్కడే ఉన్నాడు. తర్వాత స్టార్ట్ చేసుకుని పోయాడు.


మే 25, ఆదివారం

వీరేందర్ రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండోసారి ఎత్తాను. సదానందం గారికి చెప్పిన్రా అని అడిగాడు. చెప్పానన్నాను. మీటరు దూలానికి కట్టింది ఫిబ్రవరిలోనే చూశానని మీ వాంగ్మూలంలో చెప్తారా అని నేను అడిగాను. లాయర్‌తో మాట్లాడాలన్నాడు. అది ఆయన ఇష్టం. నేను చూసినవి, విన్నవి రాసి సంతకం పెట్టాను. మంగళవారం ఫోన్‌లో ఆయన అన్నది అందులో ఉంది. నేను మూడు రోజులు ఆగినదీ ఉంది.

అన్న మాట్లాడిన లాయర్ ఒకటే చెప్పాడట: అడిగినదానికే జవాబివ్వండి, మీటరు సంగతి వాళ్ళు అడిగితేనే. నిర్లక్ష్యం వల్ల మరణం కింద కేసు పెట్టే అవకాశం ఉంది. అన్న ఆ మాట మొత్తం విని, “వాళ్ళు అడగకుంటె?” అన్నాడట. వదినే నాకు చెప్పింది. నాతో మాట్లాడటం అది మొదటిసారి, శుక్రవారం తర్వాత. తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తోంది.

“నేను సుత అస్త,” అంది. “మీరిద్దరే పోతరా ఏంది.”

రేపు, 26వ తేదీ, ఉదయం పదకొండింటికి పెద్దపల్లిలో ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ ముందు విచారణ. మొదట వీరేందర్. ఆ తర్వాత అన్న. ఆ తర్వాత సాక్షిగా నేను. జుబేర్ రాస్తాడు. కారు తొమ్మిదిన్నరకు వస్తుంది. పది గంటలకు కమాన్‌పూర్ బస్ స్టేజి దగ్గర సారవ్వ బస్సు ఎక్కుతుంది. కారులో రమ్మని కబురు పంపాను. రానని చెప్పించింది. గదిలో ముందు వరసలో, సాక్షి కుర్చీకి ఎదురుగా, ఒక కుర్చీ ఉంచమని మాత్రం అడిగింది. జుబేర్ ముందుగా వెళ్ళి ఉంచుతాడు.